పిప్పిపంటికి పిట్టగోడ

"ముందు గోడ కట్టాలండీ. రూట్ కెనాల్ ఆ తర్వాత," అన్నాడు పళ్ళ డాక్టరు. నోట్లో దూది ఉండబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే అడిగేదాన్నే, తవ్వాల్సినచోట ఈ కట్టడమేమిటి నాయనా అని.

జంతిక కొరికిన పాపానికి దౌడపన్ను ఒకపక్క చిగురుదాకా విరిగింది. మా ఇళ్ళల్లో ఇలాంటిదానికి తెలిసిన వైద్యం ఒక్కటే, పీకించెయ్యడం. మా అమ్మమ్మ యాభై దాటీ దాటకుండానే తాంబూలం చిన్నరోట్లో దంచుకుని వేసుకునేది. ఆవిడ పళ్ళన్నీ నిజంగా పనికిరానివయ్యే పోయాయా? ఆ అనుమానం పట్టుకునే పళ్ళ వైద్యం చరిత్ర చదవడం మొదలెట్టాను.

పన్ను పుచ్చేది పురుగువల్లనే అన్న నమ్మకం మన పల్లెల్లోనే కాదు, బాబిలోనియా మట్టిపలకల మీదా ఉంది. ఫ్రాన్సులో పియెర్ ఫోషార్ 1728లో అచ్చువేసిన పెద్ద గ్రంథంలో ఆ పురుగు కథని కొట్టిపారేశాడు. పైభాగం పోయి వేరు మిగిలితే, అందులో బంగారపు చీలో వెండి చీలో దిగేసి, పైన పెట్టుడుపన్ను నిలబెట్టే పద్ధతి కూడా రాశాడు.

కానీ అసలు చిక్కు పురుగుతో కాదు, ఉమ్మితో. అమెరికాలో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే దంతవైద్యుడికి కింది దౌడపళ్ళలో బంగారు రేకు నింపడం పెద్ద తలనొప్పిగా ఉండేది. తడి తగిలితే రేకు అతకదు, నోరేమో ఊరుతూనే ఉంటుంది. 1864లో, విసుగెత్తి కాబోలు, పల్చటి రబ్బరు ముక్కకి చిల్లి పెట్టి పంటికి తొడిగేశాడు. పన్నొక్కటీ రబ్బరుకి పైన, తక్కిన నోరంతా కింద! ఇంత చిన్న ఉపాయం అంతవరకూ ఎవరికీ తోచలేదు. ఆయన దాన్ని సొమ్ము చేసుకోకుండా తోటివాళ్ళందరికీ ఊరికే ఇచ్చేశాడు.

అయితే ఆ రబ్బరు జారకుండా ఉండాలంటే పంటి మెడని ఒక క్లాంపు పట్టుకోవాలి. క్లాంపు పట్టుకోడానికి పన్నుండాలి కదా! నా పన్నులా విరిగిపోతే ఇంకేం పట్టుకుంటుంది? గట్టులేని నూతిలోకి వీధినీళ్ళు పోయినట్టు, ఉమ్మీ దాంతోపాటు సూక్ష్మజీవులూ తిన్నగా వేళ్ళలోకి పోతాయి.

అలా కుళ్ళిన వేళ్ళమీద బంగారు తొడుగులు వేసి ఒంట్లో జబ్బులు పెంచుతున్నారని 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ కెనడా వెళ్ళి, మాంట్రియల్‌లో ఉపన్యాసమిచ్చి దులిపేశాడు. ఆయన తిట్టింది శుభ్రంలేని పనిని. శిక్ష మాత్రం పళ్ళకి పడింది. కీళ్ళనొప్పులకీ, ఆఖరికి మతిస్థిమితం తప్పినవాళ్ళకీ కూడా పళ్ళు పీకడం అమెరికాలో ఏళ్ళ తరబడి సాగింది. నిక్షేపంలాంటి పళ్ళు ఎన్ని పోయాయో! చదువుతుంటే నాకు అమ్మమ్మ చిన్నరోలు గుర్తొచ్చింది.

తగువు తీర్చినవి ఎలుకలు. 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు అమెరికాలో ఎలుకల పళ్ళకి లోపలి నరందాకా తొలిచి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో ఆ నరం చచ్చి చీముపట్టింది. సూక్ష్మజీవులే లేకుండా పెరిగిన ఎలుకల్లో, తిండి ఇరుక్కున్నా సరే, నరం బతికి తొలిచినచోట కొత్తగా గట్టిపొర కట్టుకుంది. సూక్ష్మజీవిని రానివ్వకపోతే చాలన్నమాట.

రానివ్వకపోవడానికే ఈ గోడ. పూర్వం విరిగిన పంటి చుట్టూ సన్నటి రాగి పట్టీ బిగించి సిమెంటు పెట్టేవారు. పంటికే అతుక్కునే గోడ రావడానికి మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన కారణం. ఇనుముకి రంగు బాగా పట్టాలని ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని తెలిసి, అదే ఆమ్లం పంటి పింగాణీకి అరనిమిషం పూసి చూశాడు. పింగాణీ గరుకు తేలింది, ఊరికే ఊడిపోయే పదార్థం గట్టిగా పట్టుకుంది. ఈ సంగతి 1955లో ప్రకటించాడు. రంగులపని చూసి పళ్ళకి దారి కనుక్కోవడం నాకెంతో నచ్చింది.

గోడవల్ల ఇంకో సుఖం ఏమిటంటే, వేళ్ళు కడిగే మందు లోపలే నిలుస్తుంది. రెండు మూడుసార్లు వెళ్ళాల్సొస్తే మధ్యలో పెట్టిన తాత్కాలికపు పూడిక కొట్టుకుపోదు. అలాగని అన్ని పళ్ళకీ కుదరదట. చివర్లో వేసే తొడుగు నిలవాలంటే చిగురుకి పైన చుట్టూ 2 మిల్లీమీటర్లయినా సొంతపన్ను ఉండాలంటారు. వేరు నిలువునా చీలితే మాత్రం పీకించుకోవాల్సిందే.

నా పంటికి ఆ 2 మిల్లీమీటర్లూ ఉన్నాయని డాక్టరు కొలిచి చెప్పాడు. గోడకి అరగంట పట్టింది. తవ్వకం మంగళవారం అన్నాడు. మా అత్తగారు విని, మంగళవారం వద్దులే, బుధవారం వెళ్ళు అంది.