వెదురు కథ

వెదురును చెట్టు అనటం మనలో వాడుక. కాని వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డి. వరి, చెరకు ఏ కుటుంబానికి చెందినవో వెదురు కూడ ఆ కుటుంబానికే చెందినది. సముద్రం దాటి మారిషస్ వచ్చిన మన పూర్వీకులు తిన్న అన్నం, ఇక్కడి ఎండలో నరికిన చెరకు, తమ ఊళ్ళలో నెత్తిన మోసిన గంప, ఈ మూడూ ఒకే వంశపు మొక్కల నుండి వచ్చినవే. కాబట్టి ఈ గడ్డి చరిత్ర మనం తెలుసుకోదగినది.

ప్రపంచంలో 1,600కు పైగా వెదురు జాతులు ఉన్నాయి. ఐరోపా, అంటార్కిటికా తప్ప తక్కిన ఖండాలన్నిటిలోను ఇవి సహజంగా పెరుగుతాయి. మన పొరుగు దీవి రీయూనియన్ కొండలలో నాస్టస్ బోర్బోనికస్ అనే జాతి ఉన్నది. అది ఆ దీవికే స్వంతం. ఆంధ్రదేశపు అడవులలో ముఖ్యమైనవి రెండు. ముళ్ళ వెదురు లావుగా, బోలుగా ఉంటుంది. సాధనపు వెదురు సన్నగా, లోపల చాలావరకు గట్టిగా ఉంటుంది, చేతికర్రలకు బాగా పనికివస్తుంది. వెదురు బొంగు నేలనుండి ఎంత లావున పుడుతుందో అంత లావుననే ఉండిపోతుంది. కొద్ది నెలలలోనే పూర్తి ఎత్తుకు ఎదిగి, ఆ తరువాత సంవత్సరాల తరబడి ముదురుతుంది. ఈ సంగతి మేదరివారికి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. బుట్టకు చీల్చవలసిన బొంగు ఏదో, నిచ్చెనకు ఆగే బొంగు ఏదో వారు చూచి చెప్పగలరు.

చీనా దేశంలో కాగితం రాక పూర్వం వెదురు బద్దలమీద వ్రాసేవారు. 1972లో యిన్‌చ్యువేషాన్ అనేచోట సమాధులు త్రవ్వగా సున్‌జు యుద్ధశాస్త్రం వ్రాసిన వెదురు బద్దలు దొరికాయి. ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ చర్చిలో 1824లో పూర్తయిన ఆర్గన్ వాద్యానికి గొట్టాలలో చాలాభాగం వెదురువే. 1880లో ఎడిసన్ తన విద్యుద్దీపంలో కాల్చిన వెదురు పీచును వాడి చూచి, మంచి వెదురు కొరకు జపాను దాకా మనుషులను పంపాడు. 1999లో కొలంబియాలో భూకంపం వచ్చినప్పుడు గ్వాదువా వెదురుతో పద్ధతిగా కట్టిన ఇండ్లు అనేకం నిలిచాయి.

అయితే వెదురు కీడు కూడ చేయగలదు. అనేక జాతులు ఏండ్ల తరబడి పూయక, ఒక్కసారిగా పూచి, కాచి, చచ్చిపోతాయి. మిజో కొండలలోని ఒక జాతి సుమారు 48 ఏండ్లకు ఒకసారి పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, గింజలు అయిపోగానే వరిచేలమీద పడతాయి. 1911–12లో అట్లాగే జరిగింది. మళ్ళీ కరువు రాబోతున్నదని 1950ల చివర అక్కడి పెద్దలు ముందే హెచ్చరించారు. పైవారు దానిని మూఢనమ్మకమని త్రోసివేశారు. వెదురు పూచింది, ఎలుకలు వచ్చాయి, 1959లో కరువు వచ్చింది. ఆ కోపం పెరిగి 1966లో తిరుగుబాటు అయింది. శాంతి ఒప్పందం కుదరటానికి 1986 దాకా పట్టింది. 2006–08లో మళ్ళీ పూచేనాటికి మాత్రం ప్రభుత్వం ముందుగా సిద్ధపడింది.

ముసలివారి మాటకు విలువ ఇవ్వకపోతే ఏమవుతుందో దీనివలన తెలుస్తుంది. కరువు సంగతి మనకు క్రొత్త కాదు. 1832–33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చింది. ఆ వెంటనే, 1834 నుండి, ఈ దీవికి ఒప్పందపు కూలీల రాక పెద్దయెత్తున సాగింది.

చట్టం కూడ చాలాకాలం వెదురును చెట్టుగానే లెక్కించింది. 1927 నాటి భారత అటవీ చట్టం అట్లా వ్రాసింది. రైతు తన పొలంలో పెంచినా కొట్టటానికి, తరలించటానికి చిక్కులు ఉండేవి. 2017లో సవరణ చేసి, అడవి బయట పెరిగే వెదురును ఆ జాబితానుండి తీసివేశారు.

ఇక్కడ బాంబూ అనే పేరుతో ఒక గ్రామమే ఉన్నది. శివరాత్రికి గ్రాన్ బాసిన్‌కు మోసుకొనిపోయే కాఁవర్ల చట్రాలకు వెదురే ఆధారం. ఆ మాట మన కావడికి చుట్టమే. పెండ్లిలో మేనమామ పెండ్లికూతురును తెచ్చే గంప, బియ్యం చెరిగే చేట, పిండి జల్లించే జల్లెడ, దొడ్డికి కట్టే తడిక, ఇవన్నీ మేదరి చేతి పనులు. నేడు వాటి స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. వస్తువు పోతే దాని పేరు ఎక్కువకాలం నిలవదు. గంపకు, బుట్టకు, తట్టకు ఉన్న భేదం చెప్పగల అవ్వలు, తాతలు ఇంకా మన ఇండ్లలో కొందరు ఉన్నారు. పాఠకులు వారిని అడిగి, ఆ పేర్లు వారు పలికినట్లే వ్రాసి ఉంచుకోవాలని మనవి.