రక్తనాళాలను మూసే చికిత్స: జంతు నమూనాల ఎంపిక

రక్తస్రావాన్ని ఆపడానికో, కణితికి రక్తం అందకుండా చేయడానికో క్యాథెటర్ ద్వారా రేణువులు, తీగచుట్టలు, జిగురు పంపి రక్తనాళాన్ని లోపలి నుంచే మూసే చికిత్సను ఎంబోలైజేషన్ అంటారు. ఆ పదార్థాలను మనుషుల్లో వాడే ముందు జంతువుల్లో పరీక్షిస్తారు. అందుకు అందుబాటులో ఉన్న జంతువల్లా పనికిరాదు. నాళాల వెడల్పు, కొమ్మలు చీలే తీరు, రక్తం గడ్డకట్టే వేగం మనిషికి దగ్గరగా ఉండాలి.

ఇందులో పొరపాటు ఎంత దూరం పోతుందో గాలెన్ చరిత్ర చెబుతుంది. రెండో శతాబ్దంలో ఆయన పశువుల మెదడు అడుగున సన్నని ధమనుల వలను చూసి, మనిషికీ అదే ఉంటుందని రాశాడు. 1543లో వెసేలియస్ ఖండించే దాకా వైద్యులు శతాబ్దాల పాటు దాన్ని నమ్మారు.

1972లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జోసెఫ్ రోష్, చార్లెస్ డాటర్ బృందం జీర్ణాశయ రక్తస్రావాన్ని రోగి సొంత రక్తపు గడ్డతోనే ఆపింది. అయితే అలాంటి గడ్డ నిలవదు, కరిగిపోతుంది. కుక్కల్లో మరీ త్వరగా కరుగుతుంది కాబట్టి, గడ్డల మీద పరీక్షలకు కుక్క అంత నమ్మకమైన నమూనా కాదు. ఎక్కువ కాలం నిలిచే పదార్థాల వెతుకులాటలో ఒక తెలుగు ఇంటిపేరు కనిపిస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ రేడియాలజిస్టు ఎస్. మూర్తి తాడవర్తి, కర్ట్ ఆంప్లాట్జ్‌తో కలిసి 1974, 75 సంవత్సరాల్లో ఐవలాన్ అనే పాలీవినైల్ ఆల్కహాల్ నురుగు గురించి వ్యాసాలు ప్రచురించారు. ఆ పదార్థపు రేణువులు నేటికీ వాడుకలో ఉన్నాయి.

గాలెన్‌ను తప్పుదారి పట్టించిన ఆ ధమనుల వలే తర్వాత పరిశోధకులకు పనికొచ్చింది. పందిలో అది అడ్డుండటం వల్ల క్యాథెటర్ మెదడు నాళాల్లోకి వెళ్లలేదు. కానీ మనిషి మెదడులో పుట్టుకతో చిక్కుపడ్డ రక్తనాళాల ముడికి ఆ వల దగ్గరగా ఉంటుంది. అందుకే 1990లలో జిగురు, రేణువుల పరీక్షలకు పంది ముఖ్య నమూనా అయింది. ధమని గోడ ఉబ్బులను (అన్యూరిజం) మూయడానికి వైద్యుడు గులియెల్మి 1991లో ప్రకటించిన విడదీయగల ప్లాటినం తీగచుట్టలను కూడా ముందు పందుల ధమనుల మీద సృష్టించిన ఉబ్బుల్లోనే పరీక్షించారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది: పందిలో అలాంటి ఉబ్బులు వాటంతటవే మానిపోతాయి, దాంతో చికిత్స ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఆ పనికి 1990ల చివర్లో కుందేలు ముందుకొచ్చింది. దాని ధమని గోడను ఎలాస్టేజ్ ఎంజైముతో బలహీనపరిచి ఉబ్బును సృష్టిస్తారు.

ఊరూరా కనిపించే గొర్రెకూ ఈ చరిత్రలో చోటుంది. 1995లో ఫ్రాన్స్‌లో రవినా బృందం గర్భాశయ కణితులకు (ఫైబ్రాయిడ్లు) ఈ చికిత్సను ప్రకటించాక, ఏ రేణువులు మేలో తేల్చడానికి పెలాజ్ బృందం గొర్రె గర్భాశయ ధమనులను ఎంచుకుంది. ఆ పోలిక 2002లో వెలువడింది.

మన దేశంలో ఇలాంటి పరీక్షల కోసం హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ప్రాంగణంలోని ఒక కేంద్రం కుందేళ్ల వంటి చిన్న ప్రయోగ జంతువులను ఏళ్ల తరబడి పెంచింది. పెద్ద జంతువుల కోసం నగర శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఒక జాతీయ కేంద్రాన్ని నెలకొల్పింది. జంతు ప్రయోగాలపై 1998 నిబంధనల కింద ప్రతి ప్రయోగానికీ సంస్థ నైతిక కమిటీ ఆమోదం తప్పనిసరి. పెద్ద జంతువులైతే కేంద్ర ప్రభుత్వ కమిటీ అనుమతి కూడా కావాలి.