మెమొరీ బారియర్లు: కెర్నెల్ కోడున క్రమరక్షణ చరిత్ర

బొంబాయి పూర్వము ఏడు దీవుల సముదాయము. మహాలక్ష్మికిని వర్లీకిని నడుమనున్న గండి గుండ సముద్రపు పోటు లోనికి చొచ్చి, నేడు కామాటిపురా, నాగ్‌పాడా అని పిలువబడు పల్లపు నేలలను ముంచుచుండెడిది. 1780 దశకమున హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్టను నిర్మించి ఆ గండిని మూసిరి. 'వెల్లార్డ్' అనునది కంచె యను అర్థముగల పోర్చుగీసు మాట నుండి పుట్టినది. 1793లో బెల్లాసిస్ రోడ్డు ఏర్పడినది. 1795 ప్రాంతమునుండి నిజాము రాజ్యమునుండి వచ్చిన కామాటి జనము, అనగా తాపీపనివారును మట్టిపనివారును కూలీలును, ఆ ఆరిన నేలపై నివాసములు ఏర్పరచుకొనిరి. వాడకు వారి పేరే నిలచినది.

కట్ట ముందు, బాట తరువాత, ఇండ్లు ఆ తరువాత. ఈ వరుస తారుమారైనను పని మొత్తము లెక్కకు సరిపోవును. కట్టయు నుండును, ఇండ్లును ఉండును. కాని నడుమ వచ్చిన పున్నమి పోటునకు ఇండ్లలోనివారు మునుగుదురు. పనులన్నియు జరుగుట వేరు, అవి జరిగిన క్రమము ఇతరులకు అదే క్రమమున కనబడుట వేరు. కంప్యూటరు శాస్త్రమున ఈ రెండవ విషయమునకు సంబంధించినవే మెమొరీ బారియర్లు. వీనిని తెలుగున స్మృతికట్టలు అనవచ్చును.

తొలినాళ్ళలో ఇట్టి కట్టల అవసరమే లేకుండెను. బొంబాయి కొలాబాలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో నిర్మితమై 1960లో పనికి వచ్చిన టిఫ్రాక్ యంత్రమున గణన చేయు భాగము ఒక్కటే, స్మృతి ఒక్కటే. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును 1969లో హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసినది. 1967లో ఆ సంస్థను నెలకొల్పినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఆ యంత్రమునందును ప్రాసెసరు ఒక్కటే. ఒకే చేయి వ్రాసి ఒకే కన్ను చదువునపుడు క్రమభంగమను మాటకు తావు లేదు.

రెండు ప్రాసెసర్లు ఒకే స్మృతిని పంచుకొన్ననాడు చిక్కు మొదలైనది. 1965లో డైక్‌స్ట్రా ప్రకటించిన వ్యాసము పరస్పర నిరోధ సమస్యను, అనగా ఒకరు లోపల నుండగా మరియొకరు ప్రవేశింపకుండుటను, కేవలము చదువుట వ్రాయుటలతో సాధింపవచ్చునని చూపినది. ఆ వాదమంతయు ఒక నమ్మకముపై నిలచినది: ఒకరు వ్రాసినది వెంటనే అందరికిని కనబడును. యంత్రనిర్మాతలు ఆ నమ్మకమును నిలుపలేదు. స్మృతి నిదానమైనది, ప్రాసెసరు వేగమైనది. కావున వ్రాయవలసినదానిని ప్రాసెసరు తన యొద్దనున్న చిన్న నిలువలో ఉంచి, అది స్మృతికి చేరకమునుపే తరువాతి పనికి పోవును. ఐ.బి.ఎం. సిస్టమ్/370 యంత్రములందే ఈ వెసులుబాటు కలదు. తన మటుకు ప్రాసెసరునకు ఏ లోపమును కనబడదు. పక్కవానికి మాత్రము వరుస మారి కనబడును.

1979లో లెస్లీ లాంపోర్ట్ ఈ విషయమునకు ఒక కొలబద్ద నిచ్చెను. అన్ని ప్రాసెసర్ల పనులును ఏదో ఒక్క వరుసలో జరిగినట్లును, అందు ప్రతి ప్రాసెసరు తన పనులను తన ప్రోగ్రాము చెప్పిన క్రమముననే చేసినట్లును ఫలితముండవలెను. దీనికి 'సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ' అని పేరు. ఈ కొలబద్దకు సరితూగుటకు యంత్రములు వేగమును వదలుకొనవలసియుండెను. అందుకు నిర్మాతలలో పెక్కుమంది ఇష్టపడలేదు.

కెర్నెల్ వ్రాయువారిని మిక్కిలి తరచుగా బాధించు సందర్భము నిద్రయు మేలుకొలుపును. చాలులో కుళాయి ఉమ్మడిది, నీరు వచ్చు వేళ కొద్దిది. నిదురపోదలచినవాడు ముందు తన తలుపుపై 'లేపుము' అని సుద్దతో గుర్తు పెట్టి, ఆ పిమ్మట కుళాయి చూచి, నీరు లేనిచో పడుకొనవలెను. నీరు విడుచువాడు ముందు నీరు విడిచి, ఆ పిమ్మట తలుపులు చూచి, గుర్తున్నవానిని లేపవలెను. ఇద్దరును ఈ క్రమమును పాటించినచో ఎవరో ఒకరు రెండవవాని పనిని చూచియే తీరుదురు. ఇప్పుడు సుద్దగుర్తు తలుపునకు చేరకమునుపే మొదటివాడు కుళాయి చూచెననుకొందము. విడిచిన నీరు కుళాయికి చేరకమునుపే రెండవవాడు తలుపు చూచెను. కుళాయి ఎండియున్నది, తలుపు ఖాళీగా నున్నది. ఒకడు పడుకొనును, ఒకడు వెడలిపోవును. ఆ పిమ్మట నీరును వచ్చును, గుర్తును కనబడును. కాని లేపువాడు లేడు. కంప్యూటరులో ఆ పని శాశ్వతముగా నిదురించును.

దీనికి విరుగుడు రెండు చోట్ల రెండు కట్టలు. గుర్తునకును కుళాయి చూచుటకును నడుమ ఒకటి, నీరు విడుచుటకును తలుపు చూచుటకును నడుమ మరియొకటి. ఒక్క వైపుననే కట్ట వేసి రెండవ వైపును విడిచినచో ప్రయోజనము సున్న. లినక్స్ కెర్నెల్‌లో నిదురకు సిద్ధమగు పని తన స్థితిని ప్రకటించు ఆదేశముననే పూర్తి కట్ట ఇమిడియున్నది. మేలుకొలుపు ఆదేశమునందును, నిజముగా ఎవరినైన లేపునపుడు, అట్టి కట్ట కలదు. స్మృతికట్ట వ్రాతను స్మృతికి త్వరగా చేర్చునని పలువురు భావింతురు. అది పొరపాటు. ఇది దానికి ముందు అను క్రమమును మాత్రమే అది కాపాడును. త్వరపెట్టుట దాని పని కాదు.

1990లో ఈ శాస్త్రము ఒక మలుపు తిరిగినది. బొంబాయి ఐ.ఐ.టి.లో 1987లో పట్టభద్రురాలైన సరితా అద్వే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మార్క్ హిల్‌తో కలిసి, యంత్రమునకును ప్రోగ్రాము వ్రాయువానికిని నడుమ ఒక ఒడంబడికను ప్రతిపాదించెను. పంచుకొను వస్తువులకు వ్రాయువాడు సరియైన సంకేతములతో కాపుదల కల్పించినచో, యంత్రము లాంపోర్ట్ చెప్పిన క్రమమే కనబడునట్లు చూచుకొనును. అట్లు చేయనివానికి పూచీ లేదు. తరువాత 2004లో జావా భాషకును, 2011లో సి++ భాషకును ఏర్పడిన నియమములకు మూలము ఈ ఒడంబడికయే.

కెర్నెల్ వ్రాయువారికి ఈ ఒడంబడిక చాలదు. వారు అన్ని యంత్రముల మీదను నడువవలెను, ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క తీరుది. ఇంటెల్ జాతి యంత్రములు సాధారణముగా వ్రాతను దాటి తరువాతి చదువు ముందునకు పోవుటను మాత్రమే అనుమతించును. 1992లో డిజిటల్ సంస్థ వెలువరించిన ఆల్ఫా మిక్కిలి స్వేచ్ఛాచారి. ఒక చిరునామాను చదివి, ఆ చిరునామాలోని వస్తువును చదివినను, రెండవది పాతదిగా కనబడుటకు అందు అవకాశము కలదు. చిరునామా తెలియక వస్తువు నెట్లు చూచునని తర్కము అడుగును. ఆ యంత్రపు క్యాషు రెండు భాగములుగా పనిచేయుచు, ఒక భాగము వార్త నందుకొని మరియొకటి అందుకొనకుండుట దీనికి కారణము.

నిపుణులకును ఈ విషయము సుళువు కాదనుటకు 1999 నవంబరులో లినక్స్ వర్గమున జరిగిన చర్చ సాక్ష్యము. తాళము విడుచు ఆదేశమును సామాన్యమైన వ్రాతగా మార్చినచో 22 గడియల పని ఒక్క గడియకు తగ్గునని మాన్‌ఫ్రెడ్ స్ప్రాల్ సూచించెను. అది ప్రమాదమని లినస్ టోర్వాల్డ్స్ మొదట వాదించెను. ఇంటెల్ సంస్థ ఇంజనీరు ఎరిక్ బోలెన్ ఆ యంత్రముల క్రమనియమమును వివరించిన పిమ్మట టోర్వాల్డ్స్ సమ్మతించెను. కెర్నెల్ సృష్టికర్తయే సందేహించిన చోట కొత్తవాని గతి ఏమి?

కావున వ్రాతపూర్వకమైన వివరణ ఇచట అలంకారము గాదు. కారణము చెప్పని కట్టను చూచిన తరువాతివాడు రెండు విధముల చెడును. అనవసరమని తీసివేయును, లేదా భయపడి తాకక వదలును. తీసివేసినచో తన యంత్రముపై ఏమియు కాకపోవచ్చును. కొన్ని నెలలకు, మరొక జాతి యంత్రముపై, ఒక్కసారి మాత్రము అది విఫలమగును. అట్టి తప్పును వెదకి పట్టుట గడ్డివాములో సూదిని వెదకుటయే. బెల్లాసిస్ రోడ్డు రాతిఫలకమున ఒక మంచి పద్ధతి కానవచ్చును. కరవు నాట సూరత్తునుండి తరిమివేయబడిన పేదలు ఆ బాటను వేసిరనియు, చందాల సొమ్ముతో వేసిరనియు, ఎవరి ఆజ్ఞపై వేసిరో ఆయన పేరు పెట్టబడినదనియు అది చెప్పును. ఎవరు, ఎందుకు, దేనితో అను మూడును నాలుగు పంక్తులలో ఇమిడినవి. వెల్లార్డునకు తన గవర్నరు పేరు చాలకాలము నిలచి, పిమ్మట ఆ బాట లాలా లజపత్‌రాయ్ మార్గమైనది. మట్టి మోసినవారి పేర్లు బాటకు ఏనాడును పెట్టబడలేదు.

లినక్స్‌లో ఈ లోపమును తీర్చుటకు 2006లో డేవిడ్ హవెల్స్ స్మృతికట్టల గురించి ఒక దీర్ఘ పత్రమును కెర్నెల్‌తో చేర్చెను. పాల్ మెకెన్నీ, విల్ డీకన్, పీటర్ జిల్‌స్ట్రా తరువాత దానిని పెంచిరి. అది తనను తాను నిర్ణాయక శాసనముగా చెప్పుకొనదు. మార్గదర్శకమనియు, అసంపూర్ణమనియు ఒప్పుకొనును. ఈ వినయము మెచ్చదగినది. కోడును పరీక్షించు చెక్‌ప్యాచ్ అను సాధనము, వ్యాఖ్య లేని స్మృతికట్ట కనబడినచో హెచ్చరించును. మంచి వ్యాఖ్య ఏ రెండు పనుల నడుమ క్రమము కావలెనో, దీనికి జంట కట్ట ఏ ఫైలులో ఏ ఫంక్షనులో నున్నదో చెప్పును. 'ఇచట కట్ట వేయబడినది' అను వ్యాఖ్య నిరర్థకము. కట్ట వేసిన సంగతి కంటికే కనబడుచున్నది.

జంట లేని కట్ట దాదాపు ఎల్లప్పుడును తప్పే. ఇందుచేతనే 2014 నుండి లినక్స్‌లో విడుదల వ్రాత, స్వీకార చదువు అను జంట ఆదేశములు ప్రవేశపెట్టబడినవి. వీని పేర్లే సగము వ్యాఖ్య. 2018లో ఆలన్ స్టెర్న్, జేడ్ ఆల్‌గ్లేవ్, లూక్ మారాంజే, ఆండ్రియా పారి, మెకెన్నీ కలిసి కెర్నెల్ క్రమనియమములను గణితభాషలో వ్రాసిరి. ఆ నమూనా 4.17వ కూర్పున చేరినది. చిన్న కోడు ముక్క నిచ్చినచో ఏ ఫలితము సంభవమో, ఏది అసంభవమో యంత్రమే తేల్చిచెప్పును.

ఆల్ఫా కొరకు కెర్నెల్ అంతటను వెదజల్లబడిన ప్రత్యేక చదువుకట్ట, 2018 జనవరిలో వెలువడిన 4.15వ కూర్పున సాధారణ చదువు ఆదేశమున ఇమిడ్చబడినది. 2020లో 5.9వ కూర్పునాటికి దాని పేరే తొలగింపబడెను. తీసివేయువారు జంకక తీసివేయగలిగిరి. ఏ యంత్రము కొరకు ఆ కట్ట వేయబడినదో పత్రమున వ్రాసియుండుటయే ఇందుకు కారణము.