సమస్యాపూరణం

పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ఇచ్చిన ఒక్క పద్యపాదానికి మిగతా పాదాలు అల్లి పద్యం పూర్తి చేయడాన్ని సమస్యాపూరణం అంటారు. ఇచ్చే పాదం సాధారణంగా చివరిది. వినగానే అది అసంబద్ధంగానో, లోకవిరుద్ధంగానో, ఒక్కోసారి అసభ్యంగానో తోస్తుంది. అందులో ఒక్క అక్షరం మార్చకుండా, ఛందస్సు చెడకుండా, విన్నవాళ్లు ‘ఔరా’ అనేలా దానికి అర్థం కుదర్చాలి. ఊహకు రోజూ పదును పెట్టుకోదలచిన తెలుగువారికి ఇంతకంటే మంచి సాధన లేదు.

వాత్స్యాయనుడి కామసూత్రాలు చెప్పిన 64 కళల్లో కావ్యసమస్యాపూరణం ఒకటి. 9వ శతాబ్దపు జైన కవి జినసేనుడు కాళిదాసు మేఘదూతంలోని పాదాలన్నిటినీ సమస్యలుగా తీసుకుని ‘పార్శ్వాభ్యుదయం’ రాశాడు. యక్షుడి విరహం అందులో పార్శ్వనాథుడి తపస్సు కథగా మారిపోయింది. భోజరాజు ఆస్థానంలో కాళిదాసు సమస్యలు పూరించాడన్న కథలు బల్లాలుడి భోజప్రబంధంలోవి. అవి చరిత్ర కావు. తెలుగులో అలాంటి చాటుకథలకు నాయకుడు తెనాలి రామకృష్ణుడు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న సమస్యను ఆయన పాండవులు విరాటరాజు కొలువులో చేరిన ఘట్టానికి అన్వయించాడని చెబుతారు.

ఈ ప్రక్రియకు అసలైన వేదిక అవధానం, అంటే పలువురి ప్రశ్నలను ఒకేసారి మనసులో నిలుపుకుని జవాబులు చెప్పే విద్య. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు. సమస్య ఇచ్చినవారికి అవధాని ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చెబుతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో ఒకటి అడిగి ఏకాగ్రత చెదరగొడుతూనే ఉంటాడు. నాలుగు ఆవృత్తులూ ముగిశాక పద్యాలన్నీ ధారణ చేయాలి, అంటే జ్ఞాపకం నుంచి తిరిగి చెప్పాలి. ఈ విద్యను ఊరూరా తిప్పి జనానికి దగ్గర చేసినవారు తిరుపతి వేంకట కవులు. ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870 నుంచి 1950 వరకు జీవించారు.

పూరణ ఎలా సాగుతుందో చూడటానికి ఒక చిన్న ఆటవెలది సమస్యను ఇక్కడే కల్పించుకుందాం: ‘పగలు చుక్కలన్ని పలకరించె.’ పట్టపగలు నక్షత్రాలు పలకరించడమేమిటి? సంపూర్ణ సూర్యగ్రహణం అంటే సరిపోతుంది. కానీ అది ఎవరికైనా తట్టే దారి. ఆకాశం వదిలి వాకిట్లోకి దిగితే ఇలా పూరించవచ్చు:

వాకి లూడ్చి నీట భామలు తడిపిరి
మంచు తెరలు తొలగి మరలి పోయె
తెల్ల ముగ్గు పిండి తీర్చిన ముంగిట
పగలు చుక్కలన్ని పలకరించె

సమస్యలో ఏమీ మారలేదు. చుక్కలు మాత్రం నింగి నుంచి ముగ్గులోకి వచ్చాయి. ‘ధనుర్మాసపు ఉదయాన్ని వర్ణించు’ అని నేరుగా అడిగితే రాసేవాడు పాత మాటలే తిప్పి రాస్తాడు. పొసగని పాదం ఎదురైతే ఆ అలవాటు దారి మూసుకుపోతుంది. అప్పుడే కొత్త ఊహ బయలుదేరుతుంది. సమస్యాపూరణం బలమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

పూరణకు అనుభవజ్ఞులు వాడే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. సమస్య ముందు పాదం చివర ఒక అక్షరమో మాటో చేర్చి పదాన్ని మరోలా విరవడం వాటిలో ముఖ్యమైనది. ప్రశ్నలూ జవాబులూ వరుసగా కూర్చే క్రమాలంకారం మరొకటి. ‘తాగినవాడు ఇలా అన్నాడు’, ‘కలలో ఇలా కనబడింది’ అని తప్పించుకునేవాళ్లూ ఉంటారు. పద్యం నిలబడుతుంది గానీ రసికులు దానికి పెద్ద మార్కులు వేయరు. కంద పద్యంలో చిక్కు ఇంకా ఎక్కువ. సమస్య రెండో అక్షరంలో అరుదైన సంయుక్తాక్షరం ఉంటే మిగతా మూడు పాదాల్లోనూ అదే ప్రాసగా రావాలి. అర్థం తట్టినా మాటలు దొరకవు.

దీనికి తోబుట్టువు దత్తపది. పొంతన లేని నాలుగు మాటలిచ్చి, వాటితో రామాయణమో భారతమో అడుగుతారు. ఇటలీ బాలసాహిత్యకారుడు జాన్ని రోదారి 1973లో వెలువడిన తన పుస్తకంలో, సంబంధం లేని రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి పిల్లల చేత కథలు అల్లించే పద్ధతిని వివరించాడు. ఆయనకు అవధానంతో సంబంధం లేదు. అయినా పనిచేసే సూత్రం ఒకటే.

ఆకాశవాణి సమస్యను ప్రసారం చేసి శ్రోతల పూరణలు చదివి వినిపించడంతో ఈ విద్య పండిత సభలు దాటి ఇళ్లలోకి వచ్చింది. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గృహిణులు కార్డు మీద పద్యం రాసి పంపి, తమ పేరు రేడియోలో వస్తుందేమోనని ఎదురుచూసేవారు. ఇప్పుడు ఆ పని వాట్సాప్ బృందాల్లో సాగుతోంది. పొద్దున సమస్య పడుతుంది, రాత్రికి పూరణలు వస్తాయి, యతి తప్పితే పెద్దలు అక్కడే సరిదిద్దుతారు. అమెరికాలోని తెలుగు సభల్లోనూ అవధానాలు జరుగుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు కందం జోలికి పోకుండా, ప్రాస నియమం లేని ఆటవెలది, తేటగీతి సమస్యలతో ఆరంభించడం మేలు.