దోమలన్నిటినీ చంపవలసిన పని లేదు: రోనాల్డ్ రాస్ వేసిన లెక్క

"లోకంలోని దోమలనన్నిటినీ చంపగలమా? ఇక తొట్టి కడిగి ఏమి లాభం?" అన్న మాట మన దేవనకొండ ప్రాంతంలో తరచుగా వినబడుతుంది. సమంజసమైన ప్రశ్నే. దీనికి సమాధానం వైద్యశాస్త్రంలో నూరేళ్ల క్రిందటే లభించింది.

1880లో లావరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అది మనిషి నుండి మనిషికి ఎట్లు చేరుతుందో తెలియదు. దోమయే దానిని మోస్తుందని 1894లో ప్యాట్రిక్ మాన్సన్ ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దోమ నీటిలో పడి చనిపోగా, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుందని కూడా ఆయన తలచాడు. ఆ భాగం తప్పు. అయినా వెదకవలసిన చోటు దోమ శరీరమేనని ఆ సిద్ధాంతమే చూపింది.

దానిని నమ్మి రోనాల్డ్ రాస్ ఎన్నో దోమలను కోసి పరీక్షించాడు. తగిన జాతి దొరకనంత కాలం ఆయనకు ఏమియు కనబడలేదు. తుదకు 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ జీర్ణకోశపు గోడలో కొన్ని గుండ్రని కణాలను చూశాడు. వాటిలో నల్లని రేణువులున్నాయి. రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులు కూడా అటువంటివే. ఆ పోలిక తెలిసినందుననే ఆ కణాలు పరాన్నజీవివని ఆయన గుర్తించగలిగాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

రాస్ అంతటితో ఆగలేదు. మారిషస్ దీవిలో మలేరియాను పరిశీలించి, 1908 నివేదికలో దాని వ్యాప్తిని గణిత సూత్రాలలో పెట్టాడు. ఒక రోగిని ఎన్ని దోమలు కుడతాయి? పరాన్నజీవి తమలో పక్వమయ్యేవరకు వాటిలో ఎన్ని బ్రతుకుతాయి? వాటిలో ఎన్ని మరల మనిషిని కుడతాయి? ఈ అంకెలన్నీ కలిపి చూస్తే, ఒక రోగి వలన సగటున ఒకరికంటె తక్కువమందికి వ్యాధి సోకినపుడు మలేరియా తనంతట తానే తగ్గిపోతుంది. కనుక దోమలను సమూలంగా నిర్మూలించనక్కరలేదు; వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువన ఉంచితే చాలును.

మన మెట్ట ప్రాంతంలో నీటిని తొట్లలో, బానలలో నిలువ చేసుకొనక తప్పదు. గ్రుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు వారం నుండి పది రోజులు పడుతుంది. కనుక నీటిపాత్రలపై మూత ఉంచండి. వారానికొకసారి ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది, ఆరబెట్టండి. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకొని, మలేరియా అని తేలితే వైద్యుడు చెప్పినన్ని రోజులు మందు వాడండి. మొదటి పని దోమల సంఖ్యను తగ్గిస్తుంది, రెండవది వాటికి పరాన్నజీవిని అందకుండ చేస్తుంది. మీరు కడిగిన ఒక్క తొట్టి కూడా ఆ లెక్కలో చేరుతుంది.