పాలెగాళ్ళ తుపాకి: ఒక పరిశీలన

పోయిన వేసవిలో కళ్యాణదుర్గం వైపు మెట్టపొలాల మధ్య ఉన్న ఒక పల్లెకు వెళ్ళాను. నా పాత విద్యార్థి ఒకడు పాలెగాళ్ళ మీద చారిత్రక నవల రాసి, మున్నుడి రాయమని అడిగాడు. నవలకు కేంద్రం వాళ్ళ ఇంట్లో ఉన్న పాత తుపాకి. దానితోనే వాళ్ళ పూర్వీకుడొకడు మన్రో కాలంలో కంపెనీ పటాలాన్ని ఎదిరించాడని కథ.

"ఇది పాలేగాండ్ల తుపాకి అయివారూ. మండ్రోలయ్య కాలం నాటిది" అంటూ వాళ్ళ నాయన దాన్ని గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు.

నేను ఆయుధాల నిపుణుణ్ణి కాను, తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయితే కావ్యకాలం మీద వాదం వచ్చినప్పుడు మనం ముందుగా ప్రతిని చదువుతాం. ఆ కాలానికి లేని మాట అందులో కనిపిస్తే వాదం అక్కడే ఆగిపోతుంది. వస్తువును కూడా అలాగే చదవవచ్చు.

మందు, గుండు మూతి నుంచి దట్టించే తుపాకులన్నీ ఒకటి కావు. నిప్పు ఎలా అంటుకుంటుందన్నది అసలు తేడా. జామగీ తుపాకికి రాజుకుంటున్న తాడే నిప్పు. చెకుముకి తుపాకిలో రాతి రవ్వ పళ్ళెంలోని రంజకం మీద పడుతుంది. నా చేతిలోని తుపాకికి తాడు పట్టే కొక్కెమూ లేదు, రంజకపు పళ్ళెమూ లేదు. గొట్టం మొదట బోలుగా ఉన్న చిన్న ఇనుప మొన ఉంది. దానికి రాగి టోపీ తొడిగితే, మీట నొక్కగానే సుత్తి దాని మీద పడి పేలుతుంది. ఇది టోపీ తుపాకి.

దెబ్బకు పేలే మందుతో తుపాకి కాల్చే పద్ధతికి స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ పేటెంటు పొందింది 1807లో. రాగి టోపీలు వాడుకలోకి వచ్చింది 1820ల్లో. కంపెనీ సైన్యానికి ఈ తుపాకులు అందింది 1840ల్లో. నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించింది 1800లో. ఎనభై మంది పాలెగాళ్ళను అణచి, మన్రో కలెక్టరు పని ముగించుకొని వెళ్ళింది, ఫోర్సైతు పేటెంటు పొందిన ఆ 1807లోనే. కాబట్టి ఈ తుపాకి మన్రోను ఎదిరించి ఉండదు.

నా విద్యార్థి తేలిగ్గా ఒప్పుకోలేదు. పాత చెకుముకి తుపాకికే తర్వాత టోపీ అమర్చి ఉండవచ్చు గదా అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అలా మార్చినవి చాలా ఉన్నాయి. కాని అలా మారిస్తే పళ్ళేన్ని బిగించిన మరల రంధ్రాలు పూడ్చిన గుర్తులు మిగులుతాయి. ఇక్కడ అవి లేవు. పైగా ఇనుప రేకు మీద చెక్కిన 'టవర్' అన్న ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తలకిందులుగా ఉంది. లండన్ టవర్ ముద్రను చూసి, ఆ లిపి రాని దేశీయ కమ్మరి దించిన నకలు అది.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. జామగీ తుపాకికి కావలసినదాంట్లో చాలావరకు పల్లెలోనే దొరికేది: కమ్మరి గొట్టం, నూలు తాడు, సూరేకారం, బొగ్గు. టోపీ మాత్రం ఫ్యాక్టరీలో తయారై అంగడికి రావాలి. ఆయుధం మెరుగుపడిన కొద్దీ అది పట్టినవాడు బజారుకు బద్ధుడయ్యాడు, ఆ తర్వాత సర్కారుకు. 1876-78 కరువు ఈ సీమను మాడ్చిన కాలంలోనే, 1878లో, లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు తప్పనిసరి చేసింది. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం చేసింది కూడా ఆ ప్రభుత్వమే, ఆ ఏడాదే. పత్రికల చట్టం రిప్పన్ కాలంలో పోయింది. ఆయుధాల చట్టం 1959లో కొత్త చట్టం వచ్చేదాకా నిలిచింది. ఆ కొత్త చట్టం కూడా, నిజంగా పంట కాపాడుకోవడానికైతే మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునంటుంది.

పెద్దాయన ట్రంకుపెట్టె తెరిచి లైసెన్సు తీశాడు. కారణం దగ్గర పంట రక్షణ అనే ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకిని ఠాణాలో అప్పజెప్పి వచ్చేవాడట. "మా జేజినాయన రాత్రంతా బుడ్డల చేన్లో మంచె మీద దీన్ని పట్టుకొని కూసునేవాడు. పందులు పడితే ఆ యేటికి ఇత్తనాలు గూడా మిగలవు" అన్నాడు. కొడుకు తల దించుకున్నాడు. తాతను చూసి సిగ్గుపడవలసిందేముంది?

ఇక్కడే మన రచయితలు ఆలోచించాలి. తిరుగుబాట్లు అబద్ధం కావు. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి అబద్ధం కాదు. అయితే రాయలసీమ చరిత్ర అనగానే పాలెగాడి మీసమూ, తుపాకీ తప్ప మనకు మరేమీ కనిపించకపోవడం భూస్వామ్య దృష్టి. వానలేని నేలలో నాలుగు బస్తాల గింజల కోసం నిద్ర మానుకున్న రైతు ఆ చరిత్రకు బయటివాడు కాడు. అతని తుపాకిని ప్రభువు చేతిలో పెట్టి రాసే నవల అతని శ్రమను రెండోసారి దోచుకుంటుంది.

మున్నుడి రాయలేదు. మంచె మీది ఆ రాత్రులను రాసుకొని రమ్మన్నాను. రాస్తున్నాడని మొన్ననే ఉత్తరం వచ్చింది.