పద్మనగర్ నుంచి పూర్ణ దాకా

1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుంచి ఠాణేకు దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. మరుసటి ఏడు ఆ పట్టాలు కల్యాణ్ చేరాయి. ఉల్హాస్ నదికి ఉత్తరాన ఉన్న భివండీ మాత్రం పక్కకు ఉండిపోయింది. అంతకుముందు కామ్‌వారీ నది, ఖాడీ నీళ్ళ మీద పడవలతో వ్యాపారం చేసిన ఊరిది. రైలు రాకతో సరుకు దారి మారింది. పడవల రేవు చిన్నబోయింది. భివండీ రవాణా చరిత్ర అంతా ఆనాటి ఆ మలుపు నుంచే మొదలవుతుంది.

అయితే రైలు లేని ఆ ఊళ్ళోనే మగ్గం నిలిచింది. ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్ళ చేతిమగ్గాల స్థానంలోకి 1930ల నుంచి మరమగ్గాలు రాసాగాయి. వాటి వెంట కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి మన పద్మశాలీలు వచ్చారు. నిజాం రాష్ట్రంలో రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది 1932లో. సిరిసిల్లకు ఆనాడు రైలు లేదు. కొంత కాలినడకన, కొంత ఎడ్లబండి మీద రైలుస్టేషను చేరి, కల్యాణ్‌లో దిగి, అక్కడినుంచి మళ్ళీ రోడ్డు పట్టి వచ్చిన తరాలవి.

ఇంత దూరం నడిచి వచ్చినవాడు, వచ్చాక మాత్రం దూరం పోలేదు. సాంచాలున్న చోటికి పక్కనే గది వెతుక్కున్నాడు. దానికి కారణం పన్నెండు గంటల పాళీ. పన్నెండు గంటలు చప్పుడులో నిలబడినవాడికి ఇంకొక గంట ప్రయాణం భరించే ఓపిక ఉండదు, పెట్టే డబ్బూ ఉండదు. ఒకే గదిలో పగటి పాళీవాడు లేచి వెళ్తే రాత్రి పాళీవాడు వచ్చి పడుకునేవాడు. తిండికి భిస్సీ, సరుకులకు వీధి చివరి దుకాణం. నూలు చుట్టిన బీములు కూడా తోపుడు బండ్ల మీదే గల్లీ దాటేవి. కొంచెం దూరమున్నవాడికి సైకిలు. పర్యావరణమన్న మాట ఎవరూ ఎత్తకుండానే, లేమి వల్లనే, పొగ లేని ప్రయాణాల ఊరొకటి తయారైంది. ఆ గదుల ఇరుకునూ, దూదినుసి నిండిన ఊపిరితిత్తులనూ మరచి దానిని స్వర్గమని పొగడలేం. కానీ పనికీ ఇంటికీ మధ్య నడవగలిగినంత దూరమే ఉండటం ఒక ఆస్తి అని మాత్రం గుర్తించాలి.

బొంబాయి మిల్లుల చరిత్ర కూడా అదే చెబుతుంది. గిరణ్‌గావ్ చాళ్ళు మిల్లు కూత వినబడేంత దూరంలో కట్టినవి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానారు. ఆ తర్వాత ఎన్నో మిల్లులు తిరిగి కోలుకోలేదు. వాటి నేత పని మరింతగా భివండీ సాంచాలకు మళ్ళింది. ఊరు పెరిగింది. పద్మనగర్, కామత్‌ఘర్ వాడలు నిండాయి. 2011 జనగణన నాటికి ఊరి జనాభా ఏడు లక్షలు దాటింది. దారులు మాత్రం ఆ నిష్పత్తిలో పెరగలేదు.

రెండో మలుపు గోదాములది. ముంబై పురపాలక హద్దులో సరుకు అడుగు పెడితే ఆక్ట్రాయి కట్టాలి. హద్దు బయట, చవక భూమిలో, ఆగ్రా రోడ్డుకు దగ్గరగా నిల్వ చేసుకుంటే ఆ ఖర్చు వాయిదా పడుతుంది. 1989లో నవాశేవా రేవు మొదలయ్యాక లారీల రాక ఇంకా పెరిగింది. కాశేళీ, కాల్హేర్, పూర్ణ, రాహ్నాళ్ గ్రామాల వరిమళ్ళలో గాలాలు లేచాయి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి ఆక్ట్రాయి పోయింది గాని గోదాములు పోలేదు. అప్పటికే సరుకు ఆ చోటుకు అలవాటు పడింది.

సాంచాలు మూతపడి, మన పిల్లలు నేత విడిచి గోదాముల్లో లెక్కలు రాయడానికీ, మూటలు ఎత్తడానికీ వెళ్తున్న కాలమిది. పద్మనగర్ నుంచి పూర్ణకు ఉన్నది కొద్ది కిలోమీటర్లే. సైకిలుకు అది దూరం కాదు. కాని ఆ దారి కంటెయినర్ లారీలది. ఆ దారిలో సైకిలు తొక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. అందుకని అప్పు చేసి మోటారు సైకిలు కొంటారు, లేదా షేర్ రిక్షాలో ఇరుక్కుంటారు. జీతంలో ఒక వాటా దారికే పోతుంది. దివా–వసాయి మార్గం మీద భివండీ రోడ్ స్టేషను ఉన్నా, అక్కడ ఆగే ప్రయాణికుల బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ముంబైలో ఉన్నట్టు నిమిషాల తేడాతో వచ్చే లోకల్ ఇక్కడ లేదు.

2018 డిసెంబరు 18న ఠాణే–భివండీ–కల్యాణ్ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. పొడవు సుమారు 25 కిలోమీటర్లు. రైలు పక్కనుంచి వెళ్ళిపోయిన నూట అరవై అయిదేళ్ళకు పట్టాలు ఊరి నడుమకు రావడానికి పునాది పడిందన్నమాట. ఆ పటంలో పూర్ణ పేరుతోనూ ఒక స్టేషను ఉంది. సంతోషించవలసిందే. కాని స్తంభాల మీద బండి ఎంత వేగంగా పోయినా, దాని కింద మనిషి నడిచే చోటు లేకపోతే ఆ స్టేషను మనది కాదు. మెట్లు దిగినవాడికి కాలిబాట, సైకిలు నిలిపే చోటు, వాడలకు తిప్పే చిన్న బస్సు, లారీలకు వేళల కట్టడి కావాలి. వేల కోట్ల పథకం పక్కన ఇవి చిన్న కోరికలే. చిన్నవి గనకనే వీటిని అడిగేవారు లేక పడి ఉంటాయి.

మనకు ఇందులో ఇంకొక లాభనష్టం కూడా ఉంది. పరాయి గడ్డ మీద తెలుగు ఇన్నాళ్ళు నిలిచిందంటే, తెలుగు బడికీ, మార్కండేయుని గుడికీ, వరాలదేవి చెరువు గట్టుకూ మనం నడిచి వెళ్ళగలిగాం గనక. దారిలో నలుగురు ఎదురై మన మాటలో పలకరించారు గనక. రోడ్డు దాటడానికి భయపడి పిల్లను తెలుగు బడి మాన్పించి, వాకిట ఆగే వ్యానున్న వేరే బడికి పంపే తల్లిని తప్పుపట్టలేం. తప్పు ఆ రోడ్డుది. భాషను కాపాడుకోవాలని సభల్లో తీర్మానాలు చేసే మన సంఘాలు, ఈసారి ఆ తీర్మానాల్లో ఒక కాలిబాటను కూడా చేరిస్తే బాగుంటుంది.